పై కనుమలో పదకొండు రోజులు

గాడిదలు తోలినవాళ్లకు కూడా యుద్ధ పతకం ఇస్తారన్న ఉత్తర్వు ఆ ఎండాకాలం మొదట్లో పేపర్లో పడింది. యుద్ధం ముగిసి అప్పటికి ఇరవై ఆరేళ్లు. సైనికులకు ఎప్పుడో ఇచ్చేశారు. వాళ్ల వెంట కూలికి వెళ్లిన వంటవాళ్లు, మోతగాళ్లు, కంచరగాడిదల మీద సామాను చేరవేసినవాళ్లు ఇన్నాళ్లకు గుర్తొచ్చారు. దరఖాస్తుకు మూడు నెలల గడువు పెట్టారు.

ఆ పేపర్ మా ఇంటికి తెచ్చింది ఎదురుగా సెలూన్ నడిపే ఆయన. మా ముందు గదే నాన్న కొట్టు. తెగిన సంచులు, చెడిన జిప్పులు, పిడి ఊడిన పెట్టెలు బాగుచేసేవాడు.

"నీకూ మెడల్ వస్తుందటోయ్," అన్నాడు సెలూన్ ఆయన, పేపర్ని తోలు ముక్కల మీద పడేసి. "గాడిదకి ఏమిస్తారో మాత్రం రాయలేదు."

"గాడిదకిస్తేనే న్యాయం," అన్నాడు నాన్న కుట్టు మీంచి తల ఎత్తకుండా.

నాన్న ఆ యుద్ధానికి వెళ్లాడని మా వీధిలో అందరికీ తెలుసు. అక్కడేం జరిగిందో ఎవరికీ తెలీదు. అడిగితే "చలి" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఇరవై ఆరేళ్లు నెట్టుకొచ్చాడు.

నాకప్పుడు ఇరవై రెండు. నీటి పన్ను ఆఫీసులో టైపిస్టుగా చేరి ఏడాదైంది. ఇంట్లో అమ్మ, నాన్న, నేను, అత్త. అత్త నాన్నకి అక్క, నాలుగేళ్లు పెద్దది. ఆమె భర్త కూడా నాన్నతోపాటే గాడిదలు తోలడానికి కొండ మీదికి వెళ్లాడు. నాన్న తిరిగొచ్చాడు, ఆయన రాలేదు. అప్పట్నుంచీ అత్త మా ఇంట్లోనే ఉంది. వెనక గదిలో కుట్టుమిషన్ మీద సంచులకు లోపలి గుడ్డ కుట్టేది. నాన్న పైన తోలు కుట్టేవాడు. కొట్టుకి బోర్డు లేదుగానీ, ఆ కొట్టు వాళ్లిద్దరిదీ.

దరఖాస్తు కాగితాలు తెచ్చింది అత్తే. పోస్టాఫీసులో మర్నాడు పొద్దున్నే వరసలో నిలబడి రెండు పట్టుకొచ్చింది.

"ఒకటి నీది, ఒకటి మీ బావది," అంది నాన్నతో. "ముందు నీది కానివ్వు. నువ్వేగా ఆయనకి సాక్షివి."

నాన్న రెండూ తీసుకుని పనిముట్ల పెట్టె కింద పెట్టాడు. రెండు వారాలు అవి అక్కడే ఉన్నాయి.

నిబంధన చిన్నదే. యుద్ధం జరిగిన పై కనుమలో కనీసం పదిహేను రోజులు పనిచేసి ఉండాలి. గాయపడినా, అక్కడే చనిపోయినా రోజుల లెక్క లేదు. ఏదైనా సరే, పతకం ఉన్న ఒక సైనికుడు సంతకం పెట్టాలి. నాన్న వెళ్లిన దళంలో బతికున్నది ఒక్క సార్జెంటేనని సెలూన్ ఆయనే కనుక్కుని చెప్పాడు. అమ్మ పోరు పడలేక ఒక ఆదివారం నాన్న బయల్దేరాడు. కాగితాలు నింపడానికి నన్ను తీసుకెళ్లాడు.

సార్జెంటు బస్టాండ్ వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. సైన్యం నుంచి వచ్చాక ఇరవయ్యేళ్లు ఆ బస్టాండ్లోనే టైమ్ కీపర్‌గా పనిచేశాడట. తలుపు తీసినప్పుడు ఒక కాలు ఈడుస్తూ వచ్చాడు. నాన్నని చూసి ఒక్క క్షణం ఆగి, "నీ గాడిద ఎలా ఉంది?" అన్నాడు.

"అదెప్పుడో పోయిందండీ."

"మంచి గాడిద. అడుగు తడబడేది కాదు."

కుర్చీలు చూపించి లోపలికెళ్లి తన పతకం తెచ్చాడు. నేను అడక్కుండానే నా చేతిలో పెట్టాడు. తెలుపూ ఆకుపచ్చా చారల పట్టీ, దానికో సన్నటి కడ్డీ, కడ్డీ మీద 'పై కనుమ' అన్న అక్షరాలు, కింద గుండ్రటి బిళ్ల. బిళ్ల అంచు మీద ఆయన పేరు, నంబరు. అనుకున్నంత బరువు లేదు.

"నేనక్కడున్నది పదకొండు రోజులమ్మా," అన్నాడు. "పదకొండో రోజు తుంటిలో గుండు దిగింది. మీ నాన్న గాడిద మీద కట్టి కిందికి తెచ్చాడు. గాయం కాబట్టి నాకిది వచ్చింది. ఇదిగో ఇతనికి గాయం కాలేదు."

తర్వాత నాన్న వైపు తిరిగి, "నువ్వెన్ని రోజులు?" అన్నాడు.

"మీకు తెలిసిందే కదండీ. పదకొండు."

"పదిహేను అని రాస్తాను. ఎవడు చూడొచ్చాడు?"

"వద్దండీ."

"ఎందుకొద్దు? నన్ను మోసుకొచ్చావు. నాలుగు రోజులు నేనివ్వలేనా?"

"పదిహేను రోజులు అక్కడుంటే నేనిక్కడ ఉండనుగా," అన్నాడు నాన్న.

 ఆ మాట నాకు అర్థం కాలేదు. సార్జెంటే విడమరిచి చెప్పాడు. వాళ్లిద్దరూ కిందికి దిగిన రెండు రోజులకు, అంటే పదమూడో రోజు పొద్దున, కొండచరియ మంచుతో సహా విరిగి మకాం మీద పడింది. గాడిదలు తోలేవాళ్లు ఇరవై మంది, ఇరవై గాడిదలు. ఒక్కరూ మిగల్లేదు. సైనికుల పేర్లు కాగితాల్లో ఉన్నాయి కాబట్టి వాళ్ల ఇళ్లకు కబురు వెళ్లింది. వీళ్ల పేర్లు ఎక్కడా లేవు. దారిలో ఊళ్ల నుంచి పోగుచేసిన కూలీలు వాళ్లు.

"ఉన్నది ఇదొక్కటే," అంటూ ఆయన ఒక పాత నోటుపుస్తకం తీశాడు. అది దాణా పుస్తకం. ఏ రోజు ఎన్ని గాడిదలకు దాణా ఇచ్చారో ఆయన స్వయంగా రాసింది. గాయపడి కిందికి దిగినప్పుడు ఆయన చొక్కాలోనే ఉండిపోయిందట. "మెడల్స్ ఆఫీసుకు చూపించాను. దీన్ని రుజువుగా ఒప్పుకుంటామన్నారు. కానీ ఇందులో గాడిదల లెక్కే ఉంది. తోలినవాళ్లెవరో నాకు తెలీదు. నీకు తెలుసు."

"నాకూ అసలు పేర్లు తెలీవండీ. పిలుపులే తెలుసు."

"పిలుపులే చాలు. పేపర్లో వేయిస్తాను, వాళ్ల వాళ్లు నీ దగ్గరికొస్తారు. నువ్వు ఆనవాలు పట్టి సాక్షిగా సంతకం చెయ్యి, అమ్మాయి రాస్తుంది, కింద నేను సంతకం పెడతాను."

తిరుగు బస్సులో ఆ పుస్తకం నా ఒళ్లో ఉంది. తిప్పి చూశాను. మొదటి రోజు ఇరవై రెండు. రెండో రోజు ఇరవై రెండు. మూడో రోజూ అంతే. నాలుగో రోజు దగ్గర ఇరవై ఒకటి అని ఉంది. పక్కన చిన్న అక్షరాలతో 'ఒకటి తోలేవాడితో సహా కనబడుట లేదు' అని రాసి ఉంది.

"నాలుగో రోజు ఇదెవరు నాన్నా?" అన్నాను.

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "మన స్టాప్ వచ్చేస్తోంది, పుస్తకం జాగ్రత్త," అన్నాడు. స్టాప్ ఇంకా చాలా దూరం ఉంది.

పేపర్లో ప్రకటన పడిన వారానికే జనం రావడం మొదలైంది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందు గదిలో ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్లు. చెప్పులు గుమ్మం బయట వదిలి, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని. నాన్న పని ఆపేవాడు కాదు. చేతిలో ఏదో ఒక పెట్టె ఉంటేనే మాట వచ్చేది ఆయనకి.

మొదట వచ్చింది ఒక ముసలమ్మ. కొడుకు గురించి.

"ముందు పన్ను ఒకటి విరిగి ఉండేదా?" అన్నాడు నాన్న.

"అవును బాబూ. చిన్నప్పుడు గోడ మీంచి పడ్డాడు."

"ఈలగాడు. మేమలా పిలిచేవాళ్లం. దారి పొడుగునా ఈల వేసేవాడు. అందరి గాడిదలూ వాడి ఈలకే కదిలేవి."

ఆమె తల అడ్డంగా ఊపింది. "మావాడు కాదు నాయనా. మావాడికి ఈల రాదు."

నాన్న సూది ఆపాడు. "మోచేతి కింద కాలిన మచ్చ?"

"ఉంది."

"అయితే వాడే. అక్కడ నేర్చుకుని ఉంటాడు."

ఆమె లేవబోయి మళ్లీ కూర్చుంది. తర్వాత, "బాగా వేసేవాడా?" అని అడిగింది.

"చాలా బాగా," అన్నాడు నాన్న.

నేను రాసుకున్నాను. ఆ కాగితంలో 'చనిపోయిన తీరు' అని ఒక గడి ఉండేది. ఇరవై కాగితాల్లోనూ అందులో ఒకటే మాట: మంచుచరియ. ఈల గురించి రాయడానికి గడి లేదు.

అలా వచ్చారు. పిల్లిలా అడుగులేసేవాడి తమ్ముడు వచ్చాడు. ఎడమచేతి వాటం వాడి భార్య వచ్చింది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది, రెండో భర్తే సైకిల్ మీద తీసుకొచ్చి బయట నిలబడ్డాడు. నాన్న ఆయన్నీ లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. తన అన్న బాధపడి పోయాడా అని ఒకాయన అడిగితే, "నేనప్పటికి కింద ఉన్నాను. శబ్దం మాత్రం విన్నాను. ఒక్కసారే వచ్చింది," అని ఉన్నదున్నట్టు చెప్పాడు. మా నాన్న అన్ని మాటలు మాట్లాడగలడని నాకా ఎండాకాలమే తెలిసింది.

వచ్చినవాళ్లందరికీ మంచినీళ్లిచ్చేది అత్త. ఇచ్చి, గడప మీద కూర్చుని వినేది. వాళ్లు వెళ్లేముందు ఒక ప్రశ్న వేసేది. "మీవాడు ఉత్తరాల్లో మా ఆయన గురించి ఏమైనా రాశాడా?" ఎవరూ రాయలేదు. కూలీలు ఉత్తరాలు రాసే మకాం కాదది.

ఆరో వారానికి పదహారు కాగితాలు అయ్యాయి. అత్త కాగితం ఇంకా పెట్టె కిందే ఉంది.

"ఊళ్లో వాళ్లందరివీ అయ్యాయి," అంది అమ్మ ఒకరోజు అన్నం దగ్గర. "వదినది ఎప్పుడు?"

"చివర్లో చూద్దాం."

"చివర ఎందుకు? అయిదు నిమిషాల పని. మీ బావని మీరు ఆనవాలు పట్టాలా ఏంటి?"

నాన్న కంచం ముందు నుంచి లేచాడు. నాకు పుస్తకంలో ఆ చిన్న అక్షరాలు గుర్తొచ్చాయి. అప్పటికే నాన్న చెప్పిన పిలుపులన్నీ ఒక అట్ట మీద రాసిపెట్టుకున్నాను. ఇంకా ఎవరూ రాని నలుగురితో కలిపి లెక్కపెట్టాను. ఇరవై. అందులో మావయ్య, అంటే అత్త భర్త, లేడు. దాణా పుస్తకంలో చివరి రోజు ఇరవై ఒకటి, నాన్న గాడిద తీసేస్తే ఇరవై. ఇంకొక్క పేరు చేరిస్తే మెడల్స్ ఆఫీసులో ఎవరో ఒకరు పుస్తకంతో సరిచూస్తారు, లెక్క తప్పితే ఇరవై కాగితాలూ వెనక్కొస్తాయి. నాన్న ఆరు వారాలుగా ఏం ఆలోచిస్తున్నాడో అప్పుడు తెలిసింది. అమ్మకి చెప్పలేదు. చెప్పడం నా పని కాదనిపించింది. ఇప్పుడైతే అలా అనుకోను.

ఒక మధ్యాహ్నం, ఆదివారం, ఎవరూ రాలేదు. అత్త లోపల్నుంచి వచ్చి పెట్టె ఎత్తి తన కాగితం తీసింది. తనే నింపింది, గుండ్రటి పెద్ద అక్షరాలతో. దాన్ని నాన్న కుడుతున్న సంచి మీద పెట్టింది.

"సాక్షి సంతకం ఇక్కడ," అంది.

నాన్న ఆ కాగితాన్ని చదివాడు. మొత్తం చదివాడు, చదవాల్సింది ఎంతో లేకపోయినా.

"అక్కా, బావ ఆ ఇరవై మందిలో లేడు."

"అంటే?"

"మూడో రోజు సాయంత్రం నీళ్లకని గాడిదని తోలుకెళ్లాడు. మళ్లీ రాలేదు. నాకు చెప్పే వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు."

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. అత్త గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడింది.

"నువ్వెందుకు వెళ్లలేదు?"

"భయమేసింది. పట్టుకుంటే కాల్చేస్తారన్నారు."

"ఆయన్ని పట్టుకున్నారా?"

"లేదు. పట్టుకుంటే మకాంలో తెలిసేది."

 అత్త అడిగింది, "కోటు వేసుకున్నాడా?"

"వేసుకున్నాడు. నా మేజోళ్లు కూడా ఇచ్చాను."

"మరి నాకెందుకు చచ్చిపోయాడని చెప్పావు?"

"నేను చెప్పలేదక్కా. నేనొచ్చేసరికి చరియ సంగతి ఊరంతా తెలిసింది, నువ్వు ఏడుస్తున్నావు. నేను కాదనలేదు. ఎప్పుడో ఒకరోజు తనే వస్తాడు, అప్పుడు తెలుస్తుందిలే అనుకున్నాను. ఏడాది చూశాను. తర్వాత ఇంక నోరు రాలేదు."

అత్త కాగితం తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి లోపలికి వెళ్లింది. కాసేపటికి మిషన్ చప్పుడు వినబడింది. ఆ రోజు కుట్టాల్సిన మూడు సంచులకీ లోపలి గుడ్డ పూర్తిచేసి, దారం తెంపి, మిషన్ మీద గుడ్డ కప్పింది. ఏడవలేదు. అరవలేదు. ఆ రెండూ అమ్మ చేసింది.

"ఆవిడకి ముప్పై రెండేళ్లప్పుడు ఆ మూల కొట్టు టైలర్ వచ్చి అడిగాడు, గుర్తుందా మీకు?" అంది వంటగదిలో నాన్నని నిలబెట్టి. "మంచివాడు, ఒక అలవాటు లేదు. ఇదే గదిలో కూర్చుని అడిగాడు. పోయినాయన ముఖం మర్చిపోలేనని పంపేసింది ఆవిడ. మీరు పక్కనే ఉన్నారు. నోరు మెదపలేదు!"

"మెదిపితే బావ పారిపోయాడని లోకానికి తెలిసేది. అక్కని ఎవరు గౌరవంగా చూసేవాళ్లు?"

"ఆవిడ కోసమే దాచారా? నిజం చెప్పండి."

నాన్న అన్నాడు, "నువ్వూ పారిపోవాలనుకున్నావా అని నన్నడుగుతారేమోనని."

మిగిలిన నాలుగు కాగితాలు ఆ తర్వాతి రెండు వారాల్లో అయ్యాయి. నాన్న పనిచేస్తూనే చెప్పేవాడు, నేను రాసేదాన్ని. గడప మీద ఎవరూ కూర్చోలేదు. మంచినీళ్లు అమ్మ ఇచ్చేది. చివరి కాగితం మీద సార్జెంటు సంతకం పెట్టి, కలం మూసి, "ఆ నాలుగో రోజువాడి గురించి ఎవరూ రాలేదా?" అన్నాడు. నాన్న "వచ్చారండీ," అన్నాడు. ఆయన కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

అత్త నాన్నతో మాట్లాడటం మానేసింది. పని మానలేదు. సంచులు వెళ్లేవి, గుడ్డ పడి వచ్చేవి, మధ్యలో మాట ఉండేది కాదు. నెలాఖరున బేకరీ మేడ మీద ఒక గది చూసుకున్నానని అమ్మకి చెప్పింది.

"ఎందుకు వదినా? మీ ఇల్లు కాదా ఇది?"

"ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఉన్నది ఆయన పెళ్లాం," అంది అత్త. "ఇప్పుడు నేనుండాలంటే ఎలా ఉండాలో నాకు తెలీడం లేదు. అక్కడైతే ఆలోచించుకుంటాను."

వెళ్లే రోజు మిషన్ మోయడానికి మనిషిని పిలుస్తానంది. నాన్న ఆ మనిషి వచ్చేలోపే మిషన్ని తోపుడుబండి ఎక్కించి తాడు వేశాడు. గాడిద మీద సామాను కట్టినట్టు, అటూ ఇటూ బరువు సమంగా చూసి, ముడి రెండుసార్లు లాగి మరీ కట్టాడు. అత్త సంచి పట్టుకుని ముందు నడిచింది. నాన్న బండి తోసుకుంటూ వెనక. వీధి చివరిదాకా వాళ్లిద్దరి మధ్యా నాలుగు గజాల దూరం అలాగే ఉంది. మేడ మెట్లు ఇరుకు. మిషన్ని నాన్న ఒక్కడే భుజానెత్తుకుని ఎక్కాడు. దింపి ఎక్కడ పెట్టమంటావన్నట్టు చూస్తే, అత్త కిటికీ వైపు చెయ్యి చూపించిందట. ఇంటికొచ్చాక అమ్మకి ఆ సంగతి ఒక శుభవార్తలా చెప్పాడు.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కాబట్టి మెడల్స్ ఆఫీసు చురుగ్గా పనిచేసింది. తొలకరి పడిన వారానికి పతకాల పంపిణీ అన్నారు. టౌన్ హాల్లో, పదకొండు గంటలకి. నాన్న దరఖాస్తు రోజులు చాలవని వెనక్కొచ్చింది. ఆయన పంపుతున్నప్పుడే ఆ సంగతి తెలుసు. అమ్మ కోసం పంపాడు.

నేనూ నాన్నా వెళ్లేసరికి హాలు సగం నిండింది. సార్జెంటు ముందు వరసలో ఉన్నాడు, పతకం చొక్కాకి పెట్టుకుని. తలుపు దగ్గర ఒక గుమాస్తా జాబితా పట్టుకుని ఒక్కొక్కరినీ అడిగి లోపలికి పంపుతున్నాడు. మా ముందు ఒకామె గొడుగు మడుస్తూ నిలబడి ఉంది. గొడుగు దించాక చూస్తే అత్త.

"ఎవరి తాలూకండీ?" అన్నాడు గుమాస్తా.

"ఎవరి తాలూకూ కాదు," అంది అత్త. "పేర్లు చదువుతారు కదా, వినడానికొచ్చాను."

అతను జాబితా వైపు, ఆమె వైపు చూశాడు. "కుర్చీలు తాలూకు వాళ్లకేనండీ. వెనక నిలబడాలి."

"నిలబడతాను."

నాన్ననీ అదే అడిగాడు. "సాక్షిని," అన్నాడు నాన్న. జాబితాలో సాక్షులకు కుర్చీలు లేవు. నేను అత్త తడి గొడుగు అందుకుని తలుపు దగ్గర ఆగిపోయాను. వాళ్లిద్దరూ వెళ్లి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు, మధ్యలో ఒక కిటికీ ఉంది.

పేర్లు చదవడానికి గంట పట్టింది. ఎవరో ఒక అధికారి ఒక్కో పేరూ చదవడం, ఒక ముసలమ్మో, ఒక తమ్ముడో, ఒక కూతురో లేచి వెళ్లడం, చిన్న పెట్టె అందుకుని తిరిగి రావడం. కొందరు పెట్టె అక్కడే తెరిచారు, కొందరు తెరవలేదు. ఒకాయన తెరిచి, అంచు మీద తన అన్న పేరు సరిగ్గా ఉందా లేదా అని వేలితో తడిమి చూసుకున్నాడు. ఇరవయ్యో పేరు అయ్యాక చప్పట్లు కొట్టారు. పక్క గదిలో టీ ఉందని ప్రకటించారు. జనం ఒక్కసారిగా లేచారు. కుర్చీలు కిర్రుమంటూ జరిగాయి, పలకరింపులు మొదలయ్యాయి. కొంతమంది నాన్న దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుని వెళ్లారు.

హాలు ఖాళీ అయ్యింది. నాన్న ఇంకా గోడకే ఆనుకుని ఉన్నాడు. అత్త కిటికీ దాటి వచ్చి వెనక వరసలో ఒక కుర్చీ లాక్కుంది.

"కాళ్లు లాగుతున్నాయి," అంది. నెలన్నర తర్వాత నాన్నతో ఆమె అన్న మొదటి మాట అది. "నువ్వూ కూర్చో. ఇప్పుడు ఎవరేమంటారు?"

నాన్న ఆమె పక్కన ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. ఇద్దరూ ముందు ఖాళీగా ఉన్న వేదిక వైపు చూస్తూ కూర్చున్నారు. బయట వాన పెరిగింది. నేను అత్త గొడుగు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను, వాళ్లంతట వాళ్లు లేచేదాకా.